జలపాతం దాకా ఒక నడక: ఎల్లోరా గుహలు, నీటి హక్కు

ఎల్లోరా గుహలు చూడటానికి కొండలెక్కే ఓపిక అక్కర్లేదు. మరాఠీలో ఈ ఊరిని వేరూళ్ అంటారు. దక్షిణపు కొసన ఒకటో గుహ దగ్గర బయలుదేరి కొండ అంచు వెంబడి ఉత్తరంగా నడిస్తే సుమారు రెండు కిలోమీటర్లలో 34 గుహలూ వస్తాయి. మొదటి 12 బౌద్ధ గుహలు. 13 నుంచి 29 దాకా హిందూ గుహలు, మిగిలినవి జైనులవి. 29వ గుహ పక్కనే ఏలగంగ వాగు కొండ మీది నుంచి కిందికి దూకుతుంది. వానాకాలంలో ఆ జలపాతం కోసమే జనం వస్తారు. పిల్లలు, పెద్దవాళ్ళు కూడా నడవగలిగిన దారి అది.

ఆ గుహలకూ ఆ వానలకూ ఉన్న సంబంధం మనం తెలుసుకోవాలి. వానాకాలంలో భిక్షువులు ఊరూరా తిరుగుతూ పచ్చని మొలకల్నీ చిన్న ప్రాణుల్నీ తొక్కేస్తున్నారని జనం తప్పుపట్టారు. అప్పుడు బుద్ధుడు మూడు నెలలు ఒకేచోట ఉండాలని వర్షావాసం నియమం పెట్టాడని వినయపిటకం చెబుతుంది. అలా ఉండాలంటే తల మీద కప్పు, దగ్గర్లో నీరు, భిక్షకు ఊళ్ళు కావాలి. దక్కనులో రాతి కొండలు, వాగులు కలిసినచోట విహారాలు వెలిసింది అందుకే. ఎల్లోరా బౌద్ధ గుహలను క్రీ.శ. 6 నుంచి 8 శతాబ్దాల మధ్య తొలిచారు. 10వ గుహ చైత్యం. 12వ గుహ మూడంతస్తుల విహారం. 5వ గుహలో పొడవాటి హాలు, దాని మధ్యన రెండు వరుసల రాతి అరుగులు ఉన్నాయి. భిక్షువులు ఎదురెదురుగా కూర్చొని భోజనమో పాఠమో సాగించడానికి వీలైన ఏర్పాటు. అక్కడ ఎవరి వరుసా ఎత్తు కాదు, ఎవరి వరుసా పల్లం కాదు.

ఈ 5వ గుహకు స్థానికంగా 'మహార్‌వాడ' అని పేరు. దక్షిణాన ఉన్న బౌద్ధ గుహల గుంపును 'ధేడ్‌వాడ' అనేవారని 19వ శతాబ్దపు పురావస్తు పరిశోధకులు రాసిపెట్టారు. ధేడ్ అంటే అంటరానివారిని కించపరచి పిలిచే మాట. ఊరికి దక్షిణాన మాలపల్లె, మాదిగవాడ ఉండటం చూసిన తెలుగువారికి ఈ పేరులోని భూగోళం వెంటనే అర్థమవుతుంది. బుద్ధుడి విహారం జనం నోట వెలివాడ అయింది.

1934లో బాబాసాహెబ్ అంబేడ్కర్, ఆయన సహచరులు సుమారు ముప్పై మంది వేరూళ్ బౌద్ధ గుహలు చూడాలనే బయలుదేరారు. ఆ ప్రాంతం అప్పుడు నిజాం హైదరాబాద్ సంస్థానంలో, అంటే మన తెలంగాణతోపాటు ఒకే పాలన కింద ఉండేది. దారిలో దౌలతాబాద్ కోట దగ్గర ఆగారు. బయట నిండుగా ఉన్న చెరువు. ఒళ్ళంతా దుమ్ము. కొందరు ముఖం, కాళ్ళు కడుక్కున్నారు. ధేడ్‌లు చెరువును మైలపరిచారని కేకలు వేస్తూ ఒక ముసలి ముస్లిం వచ్చాడు. గుంపు కూడింది. మీ మతం చెప్పేది ఇదేనా, మేమే ముస్లింలమైతే ఈ నీళ్ళు ఆపుతారా అని అంబేడ్కర్ అడిగితే జవాబు లేదు. చివరికి కోటలోకి రానిచ్చారు గానీ, లోపల ఎక్కడా నీళ్ళు ముట్టకుండా చూడటానికి ఆయుధంతో ఒక సిపాయిని వెంట పంపారు. 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో ఆయనే ఇది రాసుకున్నారు. గుహల గుంపుకు పెట్టిన పేరూ, చెరువు దగ్గర వేసిన కేకా ఒకే మాట.

చట్టం చదువుకున్న మాకు ఇక్కడ మహాడ్ గుర్తుకొస్తుంది. అక్కడి చవదార్ చెరువును మునిసిపాలిటీ 1924లోనే అందరికీ తెరిచింది, కానీ కాగితం మీదే. 1927 మార్చి 20న అంబేడ్కర్ వేలమందితో వెళ్ళి ఆ నీళ్ళు తాగారు. వ్యాజ్యం పదేళ్ళు నడిచింది. ఆ చెరువు తమకే చెందే అనాది ఆచారం ఉందని సవర్ణులు రుజువు చేయలేకపోయారని 1937లో బొంబాయి హైకోర్టు తేల్చింది. అంటే దౌలతాబాద్ ఘటన నాటికి ఆ తీర్పు ఇంకా రాలేదు.

తర్వాతి మెట్టు కలకత్తాలో పడింది. 1946లో రాజ్యాంగసభకు బొంబాయి నుంచి దారి మూసుకుపోతే, జోగేంద్రనాథ్ మండల్, ఆయన సహచరులు బెంగాల్ శాసనసభ నుంచి అంబేడ్కర్‌ను గెలిపించారు. దేశవిభజనతో ఆ స్థానం పోయి, 1947లో ఆయన బొంబాయి నుంచి మళ్ళీ ఎన్నికయ్యారు. కానీ సభలోకి మొదటి అడుగు బెంగాల్ వేయించింది. అక్కడ తయారైన రాజ్యాంగం 15వ అధికరణం రెండో క్లాజులో బావులు, చెరువులు, స్నానఘట్టాలు, రోడ్లు అని పేరుపేరునా రాసింది. ప్రభుత్వ ఖర్చుతో నడిచేవీ, ప్రజలందరి కోసం వదిలినవీ కులం పేరుతో ఎవరికీ కాదనకూడదు. చట్టంలో చెరువు అనే మాట ఎందుకు వచ్చిందో దౌలతాబాద్ చెబుతుంది.

కోటలో నీళ్ళు ముట్టవద్దన్న పదహారేళ్ళకు, 1950లో, అదే ఔరంగాబాద్‌లో బాబాసాహెబ్ కాలేజీ పెట్టారు. దానికి మిళింద్ అని పేరు పెట్టారు. నాగసేన భిక్షువును ప్రశ్నలు అడిగిన రాజు పేరది. ప్రశ్న అడగడం నేర్పే చోటు అన్నమాట.

ఎల్లోరా వెళ్ళే ఉపాసకులు కైలాస మందిరం దగ్గర ఫొటో దిగి తిరిగి రాకండి. ఒకటో గుహ నుంచి మొదలుపెట్టండి. 5వ గుహ అరుగుల దగ్గర నిలబడి దాని పేరు పిల్లలకు చెప్పండి. తర్వాత 29వ గుహ దాకా నడిచి నీళ్ళు పడటం చూపించండి. ఇంటికొచ్చాక మీ ఊరి టీ కొట్టులో రెండో గ్లాసు, చేతిపంపు దగ్గర రెండో వరుస ఉన్నాయేమో చూడండి. ఉంటే 15వ అధికరణం, 17వ అధికరణం చేతిలో పట్టుకుని అడగండి. ఏలగంగ ఎవరి కులమూ అడక్కుండానే కిందికి దూకుతుంది. కులం అడిగేది గట్టున నిలబడ్డ మనిషే.

జై భీమ్. నమో బుద్ధాయ.