కడుపు పోయిన పిదప: మరల గర్భధారణమును గూర్చిన మతములు

నాలుగవ మాసమువఱకు జాఱిపోవు పిండమును గర్భస్రావమనియు, అవయవములు గట్టిపడిన పిదప ఐదాఱు మాసములలో పడిపోవుదానిని గర్భపాతమనియు సుశ్రుతుడు విభజించి, గర్భము నిలుచుటకై గర్భిణి నెలనెలకును త్రాగవలసిన క్షీరపాకములను విధించెను. చరకసంహిత గర్భనష్టమును శరీరదోషముగనే యెంచి పుత్రఘ్ని యను యోనివ్యాపత్తును, అనగా జననాంగరోగమును, వర్ణించినది. కాశ్యపసంహితయందలి రేవతీకల్పము మాత్రము జాతహారిణి యను దుష్టదేవతను కల్పించి, ఆమె ప్రవేశించుటకు స్త్రీ యొక్క అధర్మమే ద్వారమని పలికినది. బిడ్డను పోగొట్టుకొన్నదానిపైననే నిందయు పడినదన్నమాట!

ఇరువదవ శతాబ్దమున ఆ నింద కొంత సడలెను గాని, దాని చోట అంకెలు వచ్చి కూర్చుండెను. వరుసగా మూడుమారులు గర్భము పోయిన స్త్రీకి నాలుగవదియు పోవుటకు నూటికి 73 పాళ్ళు అవకాశము కలదని 1938లో బ్రిటిష్ వైద్యుడు పెర్సీ మాల్పాస్ గణింపగా, పిదప అమెరికాయందు నికొల్సన్ ఈస్ట్‌మన్ దానిని 83కు మించజేసెను. ఇవి గర్భవతులను వెన్నంటి చూచి తేల్చిన సంఖ్యలు కావు. ఊహలమీద కట్టిన లెక్కలు. అయినను ఎన్ని యిండ్లలో ఇవి ఆశను చంపినవో! విపరీతమేమన, ఇంత భయంకరమైన లెక్క ముందుండుటచే, ఏ మందు వాడినను, దైవికముగా నిలిచిన గర్భములన్నియు ఆ మందు మహిమగనే తోచెను. 1948లో బోస్టనునందలి స్మిత్ దంపతులు ప్రశంసించిన డైఇథైల్‌స్టిల్‌బెస్ట్రాల్ అను మందు అట్లే వ్యాపించినది. దానివలన ఫలము లేదని 1953లో షికాగోనందు డీక్‌మన్ ప్రభృతులు పోల్చి చూపినను వైద్యులు మానలేదు. ఆ మందు తిన్న తల్లుల కుమార్తెలకు యౌవనమున అరుదైన యోనిక్యాన్సరు వచ్చుచున్నదని 1971లో హెర్బ్‌స్ట్ వెల్లడించినపుడు గాని వారికి కనువిప్పు కలుగలేదు. ఈలోపుననే, 1964లో, మాంట్రియలునందు వార్‌బర్టన్, ఫ్రేజరులు అనేక కుటుంబముల గర్భచరిత్రలను సేకరించి, పలుమారులు స్రావమైనవారికిని మరల అట్లగు అవకాశము మూడవవంతు మించదని తేల్చియుండిరి.

ఇక ఎంతకాలము ఆగవలెనను ప్రశ్న. ఒళ్ళు కుదుటపడనిండని మన పెద్దవారు చెప్పుదురేగాని నెలలు లెక్కింపరు. లెక్కించినది ప్రపంచ ఆరోగ్య సంస్థ: లాటిన్ అమెరికా దేశముల ఆసుపత్రి దాఖలాలను ఆధారము చేసికొని, కనీసము ఆఱు మాసములు ఆగవలెనని 2005నాటి నిపుణుల సమావేశము సిఫారసు చేసెను. ఆ దాఖలాలలో తనంత తానైన స్రావమును, చేయించుకొన్నదానిని వేఱుపఱచుటకు వీలు లేకపోవుట చిన్న లోపము కాదని నా తలంపు. 2010లో స్కాట్లండునందు సుమారు 30,000 మంది స్త్రీల వృత్తాంతమును పరిశీలింపగా, ఆఱు మాసములలోపుననే మరల గర్భము ధరించినవారికి రెండవమారు స్రావమగుట తక్కువగనే కానవచ్చినది.

అండము రెండు మూడు వారములలోనే మరల విడుదల కాగలదు గనుక, రక్తహీనత తీఱి మనసు ఒప్పుకొన్నపుడు ముందునకు సాగవచ్చునని నేటి వైద్యులు పలువురు చెప్పుచున్నారు. మాయ వికృతమై బుడగలుగా పెరుగు ముత్యాలగర్భము మాత్రము ఇందులకు అపవాదము. ఆ వ్యాధి శేషించినదా యను సంగతి రక్తమునందలి గర్భహార్మోను పరిమాణమువలననే తెలియవలెను. క్రొత్త గర్భము వచ్చినచో అదే హార్మోను పెరిగి వ్యాధిని మఱుగుపఱచును గావున, పరీక్షలు చాలినంతకాలము నిర్మలముగ వచ్చువఱకు ఆగక తప్పదు.