గాదె లెక్క, జేబు లెక్క

ఏలూరు, తాడేపల్లిగూడెం పల్లెల్లో తాతల నాటి వాళ్లని బియ్యం ఖర్చెంత అని అడిగితే నవ్వేవారు. బియ్యం కొనుక్కోవడమేమిటి? ఉన్నవాడికి గాదె, లేనివాడికి కూలి గింజలు. చాకలికి, మంగలికి, కుమ్మరికి కళ్లంలోనే మేర కొలిచేవారు. డబ్బు చేతులు మారేది ఉప్పుకి, కిరసనాయిలుకి, బట్టలకి, పెళ్లిళ్లకి. ఇంటికి అతి పెద్ద ఖర్చు తిండే, అయినా అది ఏ పద్దులోకీ ఎక్కలేదు.

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక కాలువలు నీళ్లనీ, పడవలనీ కలిపి తెచ్చాయి. ధాన్యం సంతకి పోయింది, డబ్బు ఊళ్లోకి వచ్చింది. దానితోపాటే అప్పు కూడా. 1930ల మాంద్యంలో ధాన్యం ధర కూలితే శిస్తు, వడ్డీ మాత్రం దిగలేదు. గాదె నిండుగా ఉండి కూడా ఇల్లు గడవని కాలం అది.

జాతీయ నమూనా సర్వే 1950లో మొదలయ్యింది. ఇంట్లో పండిన గింజకీ వెల కట్టి ఖర్చులో వెయ్యడం దాని పద్ధతి. గాదె అప్పుడు అంకెల్లోకి వచ్చింది. 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం ఇచ్చింది. నన్నడిగితే కూలి ఇంటి ఖర్చుకి అసలు మలుపు అక్కడే: బియ్యం మీద మిగిలిన రూపాయి బడికీ, మందులకీ, టీ కొట్టుకీ దారి చూసుకుంది.

కొల్లేటి సరస్సు కథ వేరు. 1970ల నుంచి అక్కడ చేపల చెరువులు లేచాయి. బొచ్చె, శీలావతి ఐసులో సర్దుకుని లారీల్లో కలకత్తాకి వెళ్లాయి. వరి డబ్బు ఏడాదికి రెండుసార్లు వస్తే, చెరువు పనిలో చెయ్యి తరచూ తడిసేది. 2005-06లో అయిదో కాంటూరు (సముద్రమట్టానికి అయిదు అడుగుల ఎత్తు గీత) లోపలి చెరువుల గట్లు ప్రభుత్వం కొట్టేసినప్పుడు లంక గ్రామాల్లో ముందుగా కోతపడింది ఆ చేతిడబ్బుకే.

2022-23 సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్ పల్లెల్లో తలసరి నెల ఖర్చు 4,870 రూపాయలు, పట్టణాల్లో 6,782. దేశం మొత్తం మీద పల్లెల ఖర్చులో తిండి వాటా 1999-2000లో 59 శాతం ఉండగా 46కి వచ్చింది. బియ్యం, గోధుమల వంటి గింజల వాటా 22 నుంచి 5 శాతం లోపుకి పడిపోయింది. ఆదాయం పెరిగేకొద్దీ తిండి వాటా తగ్గుతుందని జర్మన్ గణాంకవేత్త ఎంగెల్ 1857లోనే చెప్పాడు. నైజీరియాలో 2019 నాటికి ఇంటి ఖర్చులో తిండిది దాదాపు 57 శాతం, అంటే మన పల్లెలు పాతికేళ్ల కిందట ఉన్న చోటు. అయితే ఈ సగటుల్లో చెరువు లీజుదారుడూ, అతని దగ్గర వల లాగే మనిషీ ఒకే వరసలో కూర్చుంటారు. సగటుకి ఆ మొహమాటం లేదు.

ఇప్పుడు తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మార్కెట్లో ధర ఎగిరిన వారం ఇంట్లో మాట వచ్చేది ఉల్లి గురించే, బియ్యం గురించి కాదు. ఇక కొల్లేటి లంకల్లో తాతలు సరస్సులో కడవ ముంచుకుని తాగారు. మనవలు వాటర్ టిన్ను కొంటున్నారు, నెలసరి పద్దులో పాల పక్కన నీళ్లు రాసుకుంటున్నారు.