పంటికి వెండియా, బంగారమా?

జాహిలియ్యా కాలంలో జరిగిన కులాబ్ యుద్ధంలో అర్ఫజా బిన్ అస్అద్ (రజి) ముక్కు తెగిపోయింది. ఆయన వెండి ముక్కు చేయించి పెట్టుకున్నారు. అది దుర్వాసన కొట్టసాగింది. అప్పుడు బంగారపు ముక్కు పెట్టుకోమని దైవప్రవక్త (స) ఆయనను ఆదేశించారు. అబూ దావూద్, తిర్మిజీ, నసాయీ హదీసు గ్రంథాలలో ఉన్న ఈ ఉల్లేఖనం ముక్కును గురించినదే అయినా, ఫిఖహ్‌లో పళ్ల చర్చకు కూడా ఇదే ఆధారమైంది.

పురుషులకు బంగారం నిషిద్ధం. మరి ఊగుతున్న పంటిని బంగారు తీగతో కట్టించుకోవచ్చునా? ఇమామ్ అబూ హనీఫా (మరణం క్రీ.శ. 767) వెండి చాలునన్నారు. సడలింపు అవసరం మేరకే ఉంటుంది. పంటి అవసరం వెండితో తీరుతుంది, ముక్కుకు తీరలేదు గనుకనే బంగారం తప్పలేదు అన్నది ఆయన వాదం. శిష్యుడు ఇమామ్ ముహమ్మద్ (మరణం 805) మాత్రం బంగారమైనా దోషం లేదన్నారు. మన మదరసాలలో తరతరాలుగా బోధిస్తున్న 'హిదాయా'లో ఈ రెండు అభిప్రాయాలూ ఉన్నాయి. అవసరమే కొలబద్ద అనడంలో గురుశిష్యులకు పేచీ లేదు. వెండి నోటిలో చెడకుండా నిలుస్తుందా లేదా అన్నదే ప్రశ్న. అది వైద్యుడు తేల్చవలసిన సంగతి.

దానికి జవాబు కార్డోవా నుండి వచ్చింది. అబుల్ ఖాసిమ్ జహ్రావీ (936–1013) తన 30 భాగాల 'తస్రీఫ్'లో చివరి భాగాన్ని శస్త్రచికిత్సకు కేటాయించాడు. వెండి కొన్నాళ్లకే పచ్చబడి చెడుతుంది, బంగారం ఎప్పటికీ అలాగే ఉంటుంది గనుక తీగ బంగారానిదే కావాలని అందులో స్పష్టంగా రాశాడు. గట్టి పంటి దగ్గర మొదలుపెట్టి, ఊగే పళ్ల మధ్యగా అల్లుతూ అవతలి గట్టి పంటి దాకా తీసుకుపోయి, మళ్లీ వెనక్కు తేవాలి. తీగ కొసలు నాలుకకు గుచ్చుకోకుండా పళ్ల సందులో మడవాలి. రాలిన పంటిని కూడా తిరిగి పెట్టి ఇలాగే కట్టవచ్చు. లేదా ఎద్దు ఎముకను పన్నులా చెక్కి ఆ చోట అమర్చవచ్చు. మన 'కట్టుడు పన్ను' అన్న మాట ఇక్కడ అక్షరాలా సరిపోతుంది. అయితే ఇది నేటి ఇంప్లాంట్ కాదు. ఆ పన్ను ఎముకలోకి దిగలేదు, పక్క పళ్ల ఆసరాతో నిలిచింది.

రాలిన పంటిని తిరిగి పెట్టడంపై కూడా ఇమాములలో భేదం ఉంది. అబూ హనీఫా దానిని ఇష్టపడక, జిబహ్ చేసిన గొర్రె పన్ను పెట్టుకోమన్నారు. అబూ యూసుఫ్ (మరణం 798) ఎవరి పన్ను వారు పెట్టుకోవడంలో తప్పు లేదని, పరాయి వారిది మాత్రం కూడదని అన్నారు.

ఎముకలో నాటే పన్ను 20వ శతాబ్దపు ఫలం. స్వీడన్ శాస్త్రజ్ఞుడు బ్రోనెమార్క్ 1950ల తొలినాళ్లలో కుందేటి ఎముకలో అమర్చిన టైటానియం పరికరం ఊడి రాకపోవడం గమనించాడు. 1965లో ఒక రోగి దవడలో టైటానియం మరలు బిగించాడు. టైటానియంపై ఏర్పడే పలుచని ఆక్సైడు పొర దానిని తుప్పు నుండి కాపాడుతుంది, ఎముక దాన్ని అంటిపెట్టుకుని పెరుగుతుంది. మేలిమి బంగారం చెడకపోయినా మెత్తన. నమిలేటప్పుడు పడే భారానికి నిలవదు. లోహం వద్దనుకునేవారికి తెల్లని జిర్కోనియా ఉంది గాని, దాని దీర్ఘకాలిక అనుభవం టైటానియమంత లేదు.

టైటానియం బంగారమూ కాదు, వెండీ కాదు. కనుక పాత వివాదం దానికి వర్తించదు. కాని దవడ ఎముక అరిగిపోయినవారికి ఇంప్లాంటుతో పాటు ఎముక పొడి కూడా వేస్తారు. అది తరచు శుద్ధి చేసిన పశువుల ఎముక. పైన కప్పే కొల్లాజెన్ పొరలు కొన్ని పంది నుండి తీసినవి. గొర్రె పంటికి అబూ హనీఫా పెట్టిన జిబహ్ షరతు ఇక్కడ మళ్లీ ముందుకు వస్తుంది. మానవ ఎముక నుండీ, కృత్రిమంగానూ తయారైన పొడులు కూడా ఉన్నాయి. ఏది వాడబోతున్నారో శస్త్రచికిత్సకు ముందే డాక్టరును అడిగితే తెలుస్తుంది.