రాజుగారి చేప

చావో ఫ్రాయా నది చుట్టుపక్కల వరిపొలాలు, గుంటలు. ఆ లోతులేని నీళ్లే దాని రాజ్యం. పొట్టి రెక్కలు, మట్టిరంగు ఒళ్లు. రోషం వస్తే మాత్రం ఎరుపూ పచ్చా కలిసి మెరిసేది. బురదనీళ్లలో ఊపిరి చాలకపోతే పైకొచ్చి గాలి మింగేది, అందుకు దాని తలలో వేరే అవయవమే ఉంది. మగచేప నురుగుతో గూడు కట్టి, జారిపోయిన గుడ్లను నోటితో ఏరి మళ్లీ గూట్లో పెట్టేది. మన అక్వేరియం షాపుల్లో ఫైటర్ అని అమ్మేది ఈ వంశాన్నే.

సయాంలో, అంటే నేటి థాయ్‌లాండ్‌లో, దాన్ని పందేలకు పెంచారు. 1840లో రాజుగారు తన చేపల్లో కొన్నింటిని కానుకగా ఇస్తే, అవి చేతులు మారి థియోడర్ కాంటర్ అనే వైద్యుడికి చేరాయి. 1849లో ఆయన వాటి గురించి రాశాడు. 2019లో థాయ్‌లాండ్ దాన్ని జాతీయ జలచరంగా ప్రకటించింది. ఆ గౌరవం దక్కేనాటికే దాని పతనం చాలా దూరం వచ్చేసింది.

పందెంలో పొట్టి తోకే మేలు. అందం కోసం పెంచేవాళ్లకు అది ఆనలేదు. తరం తర్వాత తరం పొడుగు తోకలనే ఏరి జతకట్టించారు. ముసుగులా వేలాడే తోక వచ్చింది, విప్పితే అర్ధచంద్రమంత పరుచుకునే హాఫ్‌మూన్ తోక వచ్చింది. ఆ బరువు ఈడ్చుకుంటూ కాస్త దూరం ఈది, ఏ ఆకుమీదో వాలి అలుపు తీర్చుకునే యోధుణ్ని చూసి మనం ముచ్చటపడ్డాం. కొన్నయితే తమ తోక తామే కొరుక్కుంటాయి.

అలాంటి దాన్ని తెచ్చి, అంచుకు తగిలించే ఫిల్టర్ ఉన్న తొట్టిలో వదిలాం. నీళ్లు పీల్చే గొట్టం మొదట్లో సన్నటి చీలికలుంటాయి. ఒంట్లో సత్తువ ఉన్న చేప మామూలుగా దానికి చిక్కదు. పొద్దున గొట్టానికి అతుక్కుని కనిపించిన ప్రతి చేపనూ ఫిల్టరే చంపిందనడం అన్యాయం. చల్లటి నీళ్లో, అమ్మోనియానో, ముసలితనమో ముందే దాన్ని కూలదోసి ఉండొచ్చు. కానీ రాలిన ఆకులూ మిగిలిన మేతా పేరుకుని సగం చీలికలు పూడుకుపోతే, తక్కినవాటి దగ్గర లాగుడు పెరుగుతుంది. అటుగా వచ్చిన ఫైటర్ తోక కొస అందులోకి పోతుంది. గింజుకున్నకొద్దీ ఈనెలు చీలతాయి. అంతకన్నా ఘోరం, పైకెళ్లి గాలి మింగే దారి మూసుకుపోతుంది. చూసినవాళ్లు ముందు ప్లగ్గు తీయాలి. కంగారులో చేపనే పట్టి లాగితే సగం తోక గొట్టంలోనే ఉండిపోతుంది.

ఇంత కథకూ అడ్డం పడగలిగింది ఒక చవక స్పాంజి ముక్క. గొట్టం మూతికి ముతక స్పాంజి తొడిగితే పీల్చే జాగా విశాలమై, ఏ ఒక్కచోటా లాగుడు గట్టిగా ఉండదు. పిల్లచేపలూ రొయ్యలూ కూడా లోపలికి పోవు. అది పూడుకోకముందే తీసి, తొట్టిలోంచి తోడిన నీళ్లలో పిండాలి. కుళాయి నీటిలో పిండితే క్లోరిన్ అందులోని మేలుచేసే బాక్టీరియాను చంపుతుంది. అసలు ఫైటర్‌కైతే ఎయిర్ పంపుతో మెల్లగా నడిచే స్పాంజి ఫిల్టరే చాలని నేనంటాను.

గొట్టం నుంచి ప్రాణాలతో బయటపడ్డ చేపకు శుభ్రమైన గోరువెచ్చటి నీళ్లు దొరికితే, చిరిగిన తోక కొన్ని వారాల్లో మళ్లీ పెరగడం మొదలవుతుంది. పెరిగేది పొడుగు తోకే.