చలిదేశపు ఇంజను, ఉప్పుగాలి తీరం

నిన్న ఒక్క సెల్ఫ్‌కే అందుకున్న బండి ఇవాళ పొద్దున్నే మొరాయిస్తుంది. మెకానిక్ వచ్చి తాళం తిప్పేసరికి మామూలుగా స్టార్టవుతుంది. పూర్తిగా చెడిపోయిన కారు కంటే ఇలా వచ్చీపోయే జబ్బున్న డీజిల్ కారుతోనే కష్టం. లోపం కళ్లముందు ఉన్న కాసేపట్లోనే దాన్ని పట్టుకోవాలి. చిట్టమూరు లాంటి చోట ఈ తిప్పలు మరీ ఎక్కువ. 2022 ఏప్రిల్‌లో నెల్లూరు జిల్లా నుంచి తిరుపతి జిల్లాలోకి మారిన ఈ మండలానికి ఒక అంచున పులికాట్ సరస్సు, ఆపైన సముద్రం. గాలిలో ఎప్పుడూ ఉప్పూ తేమా ఉంటాయి. ఇక్కడ డీజిల్ బండి ఎందుకు స్టార్ట్ కాదో తెలుసుకునే విద్య, పుస్తకాల్లో ఉన్నదానికి కాస్త భిన్నంగా పెరిగింది.

పుస్తకాల్లోని విద్య చలిదేశాల్లో పుట్టింది. రుడాల్ఫ్ డీజిల్ 1892లో జర్మనీలో పేటెంటుకు దరఖాస్తు చేసి, 1897లో ఆగ్స్‌బర్గ్‌లో తన ఇంజన్ని విజయవంతంగా నడిపి చూపాడు. అందులో నిప్పురవ్వ లేదు. గాలిని పదిహేను, ఇరవై రెట్లు అదిమితే పుట్టే వేడికే ఇంధనం అంటుకోవాలి. ఇనుము చల్లగా ఉంటే ఆ వేడిని అదే మింగేస్తుంది. ప్రాస్పర్ లోరాంజ్ 1909లో బెంజ్ కంపెనీ కోసం రూపొందించిన ప్రీ ఛాంబర్ పద్ధతిలో, అంటే ఇంధనం ముందు ఒక చిన్న గదిలో అంటుకునే పద్ధతిలో, ఇంజను మెత్తగా నడిచింది గానీ, ఆ గది గోడలకు వేడి ఇంకా ఎక్కువ పోయేది. అందుకే ఆ గదిని ముందుగా వేడిచేసే హీటర్ ప్లగ్గులు కావలసి వచ్చాయి. 1936లో బెర్లిన్ ప్రదర్శనలో మెర్సిడెస్ 260డి కారు వచ్చేనాటికి, తాళం తిప్పేముందు ప్లగ్గు వేడెక్కేదాకా ఆగడం డ్రైవరుకు ఒక పద్ధతైపోయింది. అలా పొద్దున్న స్టార్ట్ కాని డీజిల్ బండి అనగానే యూరప్ మెకానిక్ చెయ్యి ముందు హీటర్ ప్లగ్గు మీదికే వెళ్లేది.

నెల్లూరు తీరంలో డిసెంబరు తెల్లవారుజామున కూడా చలి ఇరవై డిగ్రీల దాపునే ఆగుతుంది. పైగా ఈ వైపు పల్లెలు డీజిల్‌ను ముందు చూసింది కారులో కాదు, కాలవ గట్టున. ఇంగ్లండులో 1929–30లో వచ్చిన లిస్టర్ ఇంజను నమూనాలో రాజ్‌కోట్ కార్ఖానాలు చేసినవీ, పుణెలో 1946లో మొదలైన కిర్లోస్కర్ వారివీ దేశమంతటా పొలాలకు నీళ్లు తోడాయి. రైతులు వాటిని ఆయిల్ ఇంజన్లన్నారు. స్టార్ట్ చేయడానికి బ్యాటరీ లేదు, వైరు లేదు. డీకంప్రెషన్ లివర్ ఎత్తి, హ్యాండిల్ గిరగిరా తిప్పి, చక్రం ఊపందుకున్నాక లివర్ వదిలేస్తే దబదబమని అందుకునేది. అందుకోకపోతే అనుమానించాల్సినవి కొన్నే: డీజిల్ రావడం లేదు, గాలి చేరింది, నీళ్లు చేరాయి, లేదా కంప్రెషన్ పోయింది. నాజిల్ దగ్గర పైపు నట్టు సడలించి, బుడగలు వస్తున్నాయా, నిండు డీజిల్ వస్తోందా అని చూసేవారు. ఎయిర్ తీయడం అనే ఆ పని తెలిసినవాడికి కారు డీజిల్ లైను కొత్తగా అనిపించదు. తీరప్రాంతపు డీజిల్ విద్యకు అసలు బడి ఆ గట్టే.

తర్వాత డీజిల్ జీపులు, 1980 ప్రాంతంలో డీజిల్ అంబాసిడర్, 1998 డిసెంబరులో టాటా ఇండికా వచ్చాయి. బెంగళూరులో 1951లో మొదలైన మైకో కంపెనీ పంపులూ నాజిళ్లూ ఈ మెకానిక్కులకు ఇంటి పేర్లంత పరిచయం. ఇండికాది ప్రీ ఛాంబర్ ఇంజను కాబట్టి మన చలికాలంలోనూ హీటర్ ప్లగ్గులతో దానికి పని పడేది. కానీ ప్లగ్గు లోపం వేడి మీద కనిపించదు. చల్లారిన ఇంజన్ని మాత్రమే ఇబ్బంది పెడుతుంది, అందుకున్నాక కాసేపు తెల్లపొగ తోలిస్తుంది. అందుకే షెడ్డులో మొదటి ప్రశ్న, "పొద్దున్నే మొరాయిస్తుందా అన్నా, వేడి మీదా?" అని. ఆ ఒక్క జవాబుతో సగం అనుమానాలు తొలగిపోతాయి.

పొద్దున్నే అయితే, ప్లగ్గుల తర్వాతి అనుమానం గాలి. ట్యాంకు కిందుంటుంది, పంపు పైనుంటుంది. పైపులో సన్నటి పగులున్నా, ఫిల్టర్ వాషర్ వదులైనా డీజిల్ బయటికి కారదు. రాత్రంతా గాలి లోపలికి పోయి, డీజిల్ ట్యాంకుకు జారిపోతుంది. ముందు భాగం ఎత్తుగా ఉండేలా వాలులో పెట్టిన రోజు జబ్బు కనిపిస్తుంది, చదునులో పెట్టిన రోజు కనిపించదు. కారు యజమానికి ఇది వింతగా తోస్తుంది. పంపు ముందు లోపల కనబడే ప్లాస్టిక్ పైపు ముక్క ఒకటి బిగిస్తే తెల్లారేసరికి అందులో గాలి కనబడి గుట్టు బయటపడుతుంది.

ఇక ఈ తీరానికే చెందిన జబ్బు ఎర్త్. బ్యాటరీ నుంచి ఇంజనుకు వెళ్లే పట్టీ చివర, తొడుగు కింద రాగి తీగలు ఉప్పుగాలికి పచ్చబడతాయి. పైకి బిగువుగానే ఉంటుంది. లైట్లు వెలుగుతాయి, హారన్ మోగుతుంది. వందల ఆంపియర్లు లాగే సెల్ఫ్ మోటారుకు మాత్రం దారి చాలదు. ఒక కుదుపుకో, తేమ ఆరిపోతేనో మళ్లీ కలుస్తుంది. కొత్త బ్యాటరీ వేసినా వారానికి అదే కథ. మల్టీమీటర్ తీగ ఒకటి బ్యాటరీ నెగటివ్ మీద, రెండోది ఇంజను బ్లాకు మీద పెట్టి సెల్ఫ్ కొట్టించాలి. అర వోల్టు దాటి చూపిస్తే తప్పు పట్టీదే. ఈ చిన్న పరీక్ష చేయకుండా మార్చేసిన బ్యాటరీల ఖర్చు తలచుకుంటే బాధేస్తుంది. అంతా సామాన్యుల డబ్బు.

అన్ని ఇంజెక్టర్లకూ కలిపి ఒకే గొట్టంలో అధిక ఒత్తిడితో డీజిల్ నిలిపి ఉంచే కామన్ రైల్‌తో లెక్క మారింది. ఇటలీలో ఫియట్ పరిశోధకులు తీర్చిదిద్దగా బాష్ కంపెనీ 1997లో కార్లకు అందించిన ఈ పద్ధతి, మన దేశానికి 2002లో హ్యుందాయ్ యాక్సెంట్‌తో, పల్లెలదాకా 2007లో వచ్చిన మారుతి స్విఫ్ట్ డీజిల్‌తో చేరింది. మొదటి తరంలోనే రైలులో 1350 బార్ల ఒత్తిడి. నట్టు సడలించి బుడగలు చూడటం ఇక ప్రాణాపాయం. ఆ ఒత్తిడితో చిమ్మే డీజిల్ ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. జబ్బు కూడా తలకిందులైంది. పాత బండి పొద్దున మొరాయిస్తే, కొత్త బండి వేడి మీద మొరాయించసాగింది. అరిగిన ఇంజెక్టర్లలోంచి వేడెక్కి పలచబడిన డీజిల్ వెనక్కి కారిపోయి, స్టార్ట్‌కు కావలసిన రెండు వందల బార్ల పైచిలుకు ఒత్తిడి నిలవదు. వేడికి క్రాంక్ సెన్సార్ మూగబోయినా ఇదే తంతు. నాలుగు ఇంజెక్టర్ల రిటర్న్ పైపులకు నాలుగు చిన్న సీసాలు తగిలించి, ఏది ఎక్కువ నిండుతుందో చూస్తే దోషి తేలుతుంది.

2020 ఏప్రిల్‌లో బీఎస్-6 కాలుష్య ప్రమాణాలు రావడంతో మారుతి డీజిల్ కార్లు మానేసింది. పాతవి మాత్రం చేతులు మారుతూ తిరుగుతూనే ఉన్నాయి. ఇప్పుడు చిన్న షెడ్లలోనూ స్కానర్ ఉంది. అది పి0087 అని, రైల్ ఒత్తిడి తక్కువని చూపుతుంది. పంపు అరిగినా, ఫిల్టర్ పూడుకుపోయినా, లైనులో గాలి చేరినా అదే కోడ్ రావచ్చు. ఎర్త్ పట్టీ పచ్చబడి సెల్ఫ్ నెమ్మదిగా తిరిగితే పంపూ నెమ్మదిగానే తిరిగి, ఒత్తిడి సరిగా ఎక్కదు. అందుకే అనుభవమున్న మెకానిక్ కోడ్ రాసుకుని, పంపు విప్పకముందే మల్టీమీటర్ తీసి ఎర్త్ చూస్తాడు, ఆపైన ఫిల్టర్ కింది మర తిప్పి నీళ్లు దిగుతాయేమో చూస్తాడు.