పాత గేముల కొట్టు ఎందుకు వెలవెలబోయింది

అమెరికాలో పాత వీడియో గేములు అమ్మే కొట్టుకి వెళ్తే ఇవాళ నిరాశే ఎక్కువ. అరల నిండా ఏటేటా వచ్చే ఫుట్‌బాల్ గేముల పాత ప్రతులు, మిగతా జాగాలో బొమ్మలు, టీషర్టులు. వెతుక్కుంటూ వచ్చిన కార్ట్రిడ్జ్ ఉండదు. ఉన్నా అద్దాల బీరువాలో అందని ధరకి ఉంటుంది. ఇదంతా ఇంటర్నెట్ పుణ్యమేనని అందరూ తేల్చేస్తారు. కానీ పుస్తకాలూ ఇంటర్నెట్‌లో దొరుకుతున్నాయి, అయినా హైదరాబాద్ ఆబిడ్స్‌లో ఆదివారం పాత పుస్తకాల బేరాలు ఆగలేదు. గేముల కొట్టుకి సరుకు రాకపోవడానికి అసలు కారణం వేరు. కొన్నదాన్ని తిరిగి అమ్ముకునే హక్కుని కోర్టుల్లో కాదనిపించలేకపోయిన కంపెనీలు, అమ్ముకోవడానికి చేతిలో వస్తువే లేకుండా చేశాయి.

ఆ హక్కు గేముల కంటే చాలా పాతది. ఒక అమెరికన్ ప్రచురణ సంస్థ తన నవలని డాలరు కంటే తక్కువకి అమ్మితే కాపీరైట్ ఉల్లంఘనేనని పుస్తకంలోనే అచ్చువేసుకుంది. న్యూయార్క్‌లోని మేసీస్ దుకాణం దాన్ని 89 సెంట్లకి అమ్మింది. 1908లో సుప్రీంకోర్టు దుకాణం పక్షాన నిలిచింది: ఒకసారి అమ్ముడయ్యాక ఆ ప్రతి ధర మీద ప్రచురణకర్తకి పెత్తనం లేదు. ఆ తీర్పు నీడలోనే 1988లో మినియాపొలిస్‌లో ఫంకోలాండ్ అనే పాత గేముల కొట్టు పుట్టి, పాత కార్ట్రిడ్జ్‌ల ధరల పట్టీని న్యూస్‌ప్రింట్ మీద అచ్చువేసి పంచుతూ పెరిగింది. 2000లో పుస్తకాల వ్యాపార సంస్థ బార్న్స్ అండ్ నోబుల్ దాన్ని దాదాపు 16 కోట్ల డాలర్లకి కొంది. ఇప్పటి గేమ్‌స్టాప్‌లో కలిసిపోయింది అదే.

జపాన్‌లో తగువు ఇంకా ముదిరింది. అక్కడి చట్టం సినిమాకి ప్రత్యేకంగా ఒక పంపిణీ హక్కునిచ్చింది. రీళ్లు థియేటర్ నుంచి థియేటర్‌కి తిరుగుతాయి కాబట్టి వాటి కదలిక నిర్మాత చేతిలో ఉండాలని దాని ఉద్దేశం. గేములోనూ కదిలే బొమ్మలే కాబట్టి అదీ సినిమాయేనని, తమ అనుమతి లేకుండా పాతవి అమ్మకూడదని కంపెనీలు వాదించాయి. గడుసు వాదనే! 1999లో టోక్యో జిల్లా కోర్టు కొట్లవైపు, ఒసాకా జిల్లా కోర్టు కంపెనీల వైపు తీర్పిచ్చాయి. చివరికి 2002 ఏప్రిల్ 25న సుప్రీంకోర్టు, గేము సినిమా కోవలోని రచనేనని ఒప్పుకుంటూనే, జనానికి అమ్మిన ప్రతి మీద ఆ హక్కు మొదటి అమ్మకంతోనే తీరిపోతుందని తేల్చింది.

కోర్టులో దక్కనిది యంత్రంలో దక్కింది. 2004లో హాఫ్-లైఫ్ 2 గేము డిస్కు కొన్నవాళ్లు కూడా దాన్ని స్టీమ్ అనే ఆన్‌లైన్ గేముల దుకాణంలోని తమ ఖాతాకి ముడిపెట్టాల్సి వచ్చింది. ఆ తర్వాత డిస్కు ఇంకొకరి చేతికిచ్చినా పనికిరాదు. 2010లో ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ తన క్రీడల గేములకి ఒక్కసారే పనిచేసే కోడ్ పెట్టి, పాతది కొన్నవాళ్ల దగ్గర ఆన్‌లైన్ ఆటకి విడిగా 10 డాలర్లు అడిగింది. 2013లో మైక్రోసాఫ్ట్ తన గేము యంత్రం ఎక్స్‌బాక్స్ వన్‌లో పాత గేముల మీద ఆంక్షలు ప్రకటించి, జనం మండిపడితే జూన్ 19న వెనక్కి తగ్గింది. ఆ ఊరట ఎంతోకాలం నిలవలేదు. 2020లో ప్లేస్టేషన్ 5 డిస్కు డ్రైవ్ లేని రూపంలోనూ వచ్చింది. 2025లో తన స్విచ్ 2 యంత్రం కోసం నింటెండో తెచ్చిన కొన్ని కార్డుల్లో గేమే ఉండదు, డౌన్‌లోడ్‌కి తాళంచెవి మాత్రం ఉంటుంది. వాటిని తిరిగి అమ్ముకోవచ్చు, కానీ కొన్నవాడికి అవి పనికొచ్చేది సర్వర్ నడిచినంతకాలమే.

పాత గేము చేతులు మారితే తయారుచేసినవాళ్లకి పైసా రాదన్న ఫిర్యాదు నిజమే. అయితే పాతది ఇచ్చి పొందిన జమతో కొత్త గేము కొనేవాళ్లు ఎందరో. మళ్లీ అమ్ముకోవచ్చన్న ధీమా ఉండబట్టే 60 డాలర్లు పెట్టగలిగినవాళ్లూ ఉన్నారు. కొట్లు మరీ అమాయకమైనవేమీ కాదు: తక్కువకి కొని, కొత్తదాని కంటే 5 డాలర్లే తగ్గించి అమ్మిన రోజులున్నాయి. ఆ అత్యాశకి పక్క కొట్టు పోటీ కొంత మందు వేయగలదు, సరుకంటూ ఉంటే. ఇక డౌన్‌లోడ్‌లో అన్నీ దొరుకుతాయి కదా అనేవాళ్లకి వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023 అధ్యయనం చాలు: 2010కి ముందు అమెరికాలో విడుదలైన గేముల్లో 87 శాతం అప్పటికే కంపెనీల నుంచి కొనడానికి దొరకడం లేదు. అదే ఏడాది నింటెండో తన 3డీఎస్, వీ యూ ఆన్‌లైన్ దుకాణాల్లో అమ్మకాలు ఆపేసింది.

2025 జనవరి 1 నుంచి కాలిఫోర్నియాలో ఒక చట్టం అమల్లో ఉంది. డిజిటల్ గేముని ‘కొనండి’ అంటూ అమ్మేవాళ్లు, ఇస్తున్నది లైసెన్సు మాత్రమేనని కొనుగోలుదారుకి స్పష్టంగా చెప్పాలి. తిరిగి అమ్ముకునే హక్కుని మాత్రం ఆ చట్టం ఇవ్వలేదు.