వేలిముద్ర నుంచి చేతి వాచీ దాకా



నా ఫోను నన్ను అడుగుతుంది, "మీ లొకేషన్ వాడుకోవచ్చా?" అని. నేను "వద్దు" నొక్కుతాను. అయినా చెప్పుల కోసం ఒకసారి వెతికితే వారం రోజులు చెప్పుల ప్రకటనలే. చిరాకు పడతాను. ప్రైవసీ అంటే నాకు ఆ చిరాకే.

మా అమ్మకు ఆ "వద్దు" బటనే లేదు. ఆమె ఉపాధి హామీ కూలి. 2021లో కేంద్రం ఎన్ఎంఎంఎస్ యాప్ తెచ్చింది. 2023 జనవరి 1 నుంచి, వ్యక్తిగత లబ్ధిదారుల పనులు తప్ప, అన్ని పనిచోట్లా దాన్ని తప్పనిసరి చేసింది. రోజుకు రెండుసార్లు కూలీల ఫోటో లొకేషన్‌తో సహా ఎక్కాలి. ఆ ఫోటోలు వెబ్‌సైట్‌లో ఎవరైనా చూడొచ్చు. ఒకరోజు పొద్దున ఫోటో ఎక్కింది, మధ్యాహ్నం సిగ్నల్ లేదు. అమ్మ గుంట తవ్వింది నిజం, మట్టి మోసింది నిజం. కూలి మాత్రం పడలేదు.

దీన్ని టెక్నాలజీ లోపం అంటారు. నేను చరిత్ర అంటాను.

1858లో బెంగాల్‌లోని జంగీపూర్‌లో విలియం హెర్షెల్ అనే దొర, రోడ్డు కంకర ఒప్పందం మీద రాజ్యధర్ కోనాయ్ అనే కాంట్రాక్టరు అరచేతి ముద్ర వేయించాడు. రేపు సంతకం తనది కాదంటాడేమోనని అనుమానం. 1897లో కలకత్తాలో వేలిముద్రల బ్యూరో వచ్చింది. ముద్రల వర్గీకరణకు లెక్క కట్టింది అజీజుల్ హక్, హేమచంద్ర బోస్. పేరు మాత్రం వాళ్ళ పై అధికారి హెన్రీకి పోయింది.

ఆ ముద్రలు ఎవరి మీద వాడారు? 1871లో నేరస్థ తెగల చట్టం వచ్చింది. 1911లో దాన్ని తిరగరాసి మద్రాసు ప్రెసిడెన్సీకీ వర్తించేలా చేశారు. రిజిస్టరులో పేరున్నవాళ్ళ వేలిముద్రలు తీసుకునే అధికారం ఇచ్చారు. మన బాపట్ల దగ్గర స్టువర్టుపురంలో ఎరుకల కుటుంబాలను సెటిల్మెంట్‌లో పెట్టారు. హాజరు వేయించుకోవాలి, అనుమతి లేకుండా బయటికి పోకూడదు. నేరం చేసినందుకు కాదు, ఆ ఇంట్లో పుట్టినందుకు. చట్టం 1952లో రద్దయింది. ఆ ఊరి పేరు చెబితే కొందరి చూపు మారడం మాత్రం ఆగలేదు.

మాకైతే రిజిస్టరు కూడా అక్కర్లేదు, ఊరే రిజిస్టరు. ఇంటిపేరు, వాడ, చేసే పని. ఈ మూడూ తెలిస్తే మనిషిని ఎక్కడ నిలబెట్టాలో ఊరికి తెలిసిపోయేది. ఇవాళ కంపెనీలు "ప్రొఫైల్" అంటున్నది అదే.

1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో బాబాసాహెబ్ బౌద్ధం తీసుకున్నారు. అదే నాగపూర్‌లో మున్సిపల్ పారిశుధ్య కార్మికుల చేతికి జీపీఎస్ వాచీలు కట్టారు. చండీగఢ్‌లోనూ కట్టారు. ఈ దేశంలో చీపురు పట్టిన చేతుల్లో ఎక్కువ భాగం ఎవరివో మీకు చెప్పక్కర్లేదు. ఆ వాచీతో బాత్రూంకు పోవాలంటే భయమని చండీగఢ్ ఆడవాళ్ళు చెప్పారు.

సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని కూడా లాప్‌టాప్‌లో గమనిస్తారు కదా అంటారు. నిజమే. కానీ అతని చేతిలో ఇంకో కంపెనీ ఆఫర్ లెటర్ ఉండొచ్చు, పీడించారని రాస్తే చదివే పత్రికలున్నాయి. డెలివరీ కుర్రాడు లొకేషన్ ఆపేస్తే ఆ పూట ఆర్డర్ లేదు. ఊడ్చే అక్క వాచీ తీస్తే ఆ రోజు జీతం కోతే. గమనింపు అందరి మీదా ఉంది. కాదనే బలమే కులాన్ని బట్టి, పనిని బట్టి పంచబడింది.

2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది జడ్జీల ధర్మాసనం ప్రైవసీ ప్రాథమిక హక్కు అంది. మంచి తీర్పు. 2023లో డేటా రక్షణ చట్టం వచ్చింది. అందులో 7వ సెక్షన్ చూడండి. ప్రభుత్వ పథకాల కోసం, ఉద్యోగ అవసరాల కోసం అనుమతి అడగకుండానే డేటా వాడుకునే దారులు అక్కడున్నాయి. అంటే పథకం మీద బతికేవాళ్ళకూ, ఒకరి కింద పనిచేసేవాళ్ళకూ ఆ "వద్దు" బటన్ చట్టంలోనే చిన్నదైపోయింది.

అయినా దారి మూసుకుపోలేదు. 2021లో హర్యానా ఆశా అక్కలు తమ ఫోన్లలో నిఘా యాప్ వద్దని ఎదురు తిరిగారు. బటన్ లేనివాళ్ళు గొంతు నొక్కి చెప్పారు, "వద్దు" అని. ప్రైవసీ గురించి మాట్లాడే సభల్లో ఇకనుంచి మొదటి కుర్చీ వాళ్ళకు వేయండి.

మొన్న అమ్మను అడిగాను, "రోజూ ఫోటో తీస్తుంటే నీకెట్లా ఉంటది?" అని.

"దొంగను చూసినట్టు చూస్తార్రా" అంది.

నేను పైన రాసిన నూటయాభై ఏళ్ళ చరిత్ర ఆమె ఒక్క మాటలో చెప్పేసింది.

మిగతాది వచ్చే భాగంలో. జై భీమ్.